నూలుగుడ్డ ఒకటి మెడలో ఉండనీ

అమ్మడూ,

కాలేజీ వాళ్లతో నల్లమల నడకకు వెళ్తున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బూట్లూ బ్యాగూ కొనేశావట, మంచిది. మెడలో వేసుకునే గుడ్డ గురించి మాత్రం నీకెవరూ చెప్పి ఉండరు.

అంగట్లో మెరిసే పాలిస్టర్ స్కార్ఫులు వద్దు. చెమట పీల్చవు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. మీటరు పొడుగు, మీటరు వెడల్పు ఉన్న పల్చటి నూలుగుడ్డ తీసుకో. మన తుండు తలపాగాకు భేషుగ్గా ఉంటుంది గానీ, దాన్ని మూలకు మూల మడిస్తే సరైన త్రికోణం రాదు. అడవిలో అక్కరకొచ్చేది ఆ త్రికోణమే. ఎవరికైనా ముంజేయి విరిగిందనుకో. త్రికోణం మొన మోచేతి వైపు ఉండేలా చేతి కింద నుంచి గుడ్డ పోనిచ్చి, కొసలు రెండూ మెడ దగ్గర ముడెయ్యి. ముడి వెన్నుపూస మీద పడకూడదు, పక్కకుండాలి. అరచెయ్యి మోచేతికన్నా కాస్త ఎత్తులో నిలవాలి. తర్వాత గోళ్లు చూస్తూ ఉండు. నీలం తిరిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా కట్టు వదులు చెయ్యాలి.

ఎండలో తడిపి పిండి మెడ వెనక వేసుకో. ఆరుతూ ఆరుతూ ఒంటివేడిని లాక్కుపోతుంది. పొడిగాలి తోలే పాలమూరు వైపు ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోసే కాకినాడలో అంత సుఖం ఉండదు, గుడ్డ ఆరితేగా! బరువు నెత్తికెత్తుకోవాల్సి వస్తే మెలిపెట్టి కుదురు చుట్టుకో. దుమ్ము లేస్తే ముక్కుకి కట్టుకో.

వాగు నీళ్లు వడగట్టడానికి కొత్త గుడ్డకన్నా పాతదే మేలు. ఉతికి ఉతికి దారాలు విచ్చుకుని సందులు సన్నబడతాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో పాత నూలుచీర మడతల్లో నీళ్లు వడగట్టుకుంటే కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ఒక పరిశోధన వచ్చింది. ఆ క్రిములు నీటిలోని సూక్ష్మజీవులను అంటిపెట్టుకుని ఉంటాయి, గుడ్డ వాటిని ఆపుతుంది. అన్ని క్రిములనూ ఆపలేదు కాబట్టి, వడగట్టాక కాచుకునే తాగండి.

ఇక ఆ గుడ్డతో చెయ్యకూడని పని ఒకటుంది. పాము కరిస్తే కాటుకు పైన బిగించి కట్టడం మన ఊళ్లలో ఇంకా చూస్తుంటాం. నెత్తురాడక కాలో చెయ్యో పోయే ప్రమాదం ఉంది. కరిచిన చోటు కదలకుండా ఒక కర్ర ఆనించి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది. మీ గుంపులో పెద్ద ధైర్యస్థుడెవరో ఒకడు బిగించి కడదామంటాడు. వాణ్ణి కట్టనివ్వకు.

బస్సు పార్సిల్లో రెండు గుడ్డలు పంపుతున్నాను. గంజి పోయేదాకా ఉతుకు, లేకపోతే నీళ్లు పీల్చవు. ఎర్రదాన్ని విడిగా నానబెట్టు, రంగు దిగుతుంది.

మీ పెదనాన్న