చెవిని చేరిన పద్యము

పద్యమును కన్నులతో చదువుట మన దేశమున క్రొత్తగా వచ్చిన యలవాటు. అచ్చుయంత్రము రాకపూర్వము తాళపత్ర గ్రంథము ఊరికి ఒకటి రెండు గృహములలో మాత్రమే యుండెడిది. దానిని చదువువాడొకడు, వినువారు పలువురు. సాయంకాలమున దేవాలయ మండపమునందో, రచ్చబండకడనో పౌరాణికుడు భాగవతము విప్పి పద్యము చదివి యర్థము చెప్పుచుండగా, అక్షరము రాని కాపు సైతము గజేంద్రుని మొఱకు కన్నీరు పెట్టుకొనెడివాడు. ఆతనికి గణములు తెలియవు. యతిప్రాసల పేరైనను వినలేదు. అయినను పౌరాణికుడు ఎక్కడైన నొక యక్షరము జారవిడిచినచో, ఏదో తప్పినదని తలయెత్తి చూచెడివాడు. ఛందస్సును ఆతని చెవి యెఱుగును.

అచ్చుపుస్తకము పద్యమును ఇంటింటికి చేర్చినది. అది గొప్ప మేలే. కాని దానితోపాటు పద్యమునకు మౌనము కూడ ప్రాప్తించినది. విద్యార్థి పద్యము మీద చూపును పరుగెత్తించి, క్రిందనున్న ప్రతిపదార్థమునకు పోవును; అచ్చటినుండి తాత్పర్యమునకు దిగును. పెదవి కదలదు, చెవికి పని లేదు. ఉత్పలమాలలో పదవ యక్షరమునకు, పాదము మొదటి యక్షరమునకు మైత్రి యుండవలెనని వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవాడే, ఆ మైత్రి వినిపించినపుడు గుర్తింపలేకపోవును. పాకశాస్త్రమంతయు వల్లించి భోజనమునకు కూర్చుండని వాని చందమిది.

ఇట్లు మూగవోయిన పద్యమునకు మరల గొంతు నిచ్చిన వానిలో రేడియో ముఖ్యమైనది. 1938 జూన్ 16వ తేదీన మదరాసులో రేడియో కేంద్రము ప్రారంభమైనది. అచ్చటినుండి తెలుగు కార్యక్రమములును వెలువడెడివి. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసెను. హైదరాబాదులో నిజాము పాలనమునాటి దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో చేరెను. ఆ దినములలో రేడియో ప్రతి యింటను ఉండెడిది కాదు. పల్లెలలో పంచాయతీ వారి రేడియోయే ఊరందఱి రేడియో. పొలమునుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొని అరుగుమీద చేరి ధరవరలు, వాతావరణము విని, ఆపై పాటయో పద్యమో వచ్చినచో అదియును విని లేచెడివారు. పురాణము విన్న మండపమునకును ఈ యరుగునకును దూర మెక్కువ లేదు.

రేడియోకు కన్నులు లేవు. నాటకమునకు అది కొంత లోపమే; రాజు సింహాసన మెక్కినాడని ఎవరో యొకరు చెప్పిననే గాని తెలియదు. పద్యమునకు మాత్రము ఆ లోపము లేదు. పద్యము మొదటినుండియు శబ్దమే గదా. పైగా రేడియోలో కాలము కొలిచి యిత్తురు. రంగస్థలము మీద నటుడు పద్యము చివరి యక్షరమును పట్టుకొని రాగమును సాగదీయును. ప్రేక్షకులు వన్స్ మోర్ అందురు. ఆ సందడిలో పద్యార్థ మెవరికిని పట్టదు. పది నిమిషములలో ముగింపవలసిన రేడియో గాయకునకు ఆ స్వేచ్ఛ లేదు. రాగమును కుదించి మాటను నిలుపక తప్పదు. ఈ నిర్బంధము పద్యమునకు కలిసివచ్చినదనియే చెప్పవలెను.

ఇందుకు ఉదాహరణముగ ‘పుష్పవిలాపము’ను తీసికొనవచ్చును. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి వ్రాసిన పద్యములివి. పూజకై పూలు కోయబోయిన వానితో పువ్వులు తమ గోడు చెప్పుకొనుట ఇందలి కథ. ఘంటసాల వేంకటేశ్వరరావు గానము చేయగా గ్రామఫోను రికార్డుగా వెలువడి, రేడియో ద్వారమున ఊరూర వినిపించినది. దానిని విన్నవారిలో పుస్తకము చూడనివారే యెక్కువ. ఆ గానమును పుస్తకము ముందుంచుకొని యొకసారి వినవలెను. అచ్చులో పాదము తెగినచోట బడిపిల్లవాడు ఆగును; వృత్తములో మాట పాదము దాటిపోవుచుండును గనుక అర్థము రెండు ముక్కలగును. గాయకుడు పాదము తెగినచోట గాక భావము నిలిచినచోట ఆగును. ఆ యాగుటలోనే సగము వ్యాఖ్యాన మున్నది. పువ్వు మాటలాడునపుడు గొంతు తగ్గును, మెత్తబడును. ప్రతిపదార్థము చెప్పకయే పద్యము తెలిసిపోవును. విన్న పిమ్మట పూలసజ్జతో మొక్కకడకు పోయినవాడు ఒక్క క్షణమైనను జంకును.

అయితే రేడియోలో ఒక చిక్కున్నది. పద్యము ఒక్కసారి వచ్చి పోవును. పౌరాణికునివలె ‘మరల చెప్పుడు’ అని యడుగుటకు వీలులేదు. నేడు ఆకాశవాణిని చేతిలోని ఫోనునందును వినవచ్చును. దాచియుంచిన గానమును ఎన్ని పర్యాయములైనను వినవచ్చును. విచిత్రమేమనగా, ఎప్పుడైనను వినవచ్చునను ధీమాతో అసలే విననివారు పెరిగినారు. ఒక్కసారియే వచ్చునని తెలిసినవాడు చెవి రిక్కించి కూర్చుండెను.

శ్రోత ఊరక కూర్చుండక పాల్గొనునట్లు చేసిన కార్యక్రమము సమస్యాపూరణము. ఆకాశవాణిలో పద్యమునకు సంబంధించిన ఒక పాదమును చదివెదరు. అది విన్నంతనే అసంబద్ధముగ తోచును. మిగిలిన మూడు పాదములను ఛందస్సు తప్పకుండ వ్రాసి ఆ యసంబద్ధమును అర్థవంతము చేయవలెను. సూర్యుడు పడమట నుదయించెనని సమస్య యిచ్చినారనుకొందము. ఎట్లు పొసగును? మంచము పట్టిన ముదుసలి యొకడు పడమటి గోడవైపు తిరిగి పరుండియున్నాడు. ఆ గోడకు అద్దము వ్రేలాడుచున్నది. తెల్లవారగనే తూర్పు వాకిట వచ్చిన సూర్యుడు ఆ యద్దములో కనిపించినాడు. ఇట్లు చెప్పినచో సమస్య విడిపోవును. అంతేగాక, లేవలేని మనుజుని జీవితమొకటి ఆ నాలుగు పాదములలో కనిపించును. మంచి పూరణములో చమత్కారముతో పాటు ఇట్టి దేదియో యుండును. వట్టి మాటల విఱుపుతో తప్పించుకొను పూరణములును కలవు. అవి నవ్వించి పోవును.

సమస్య చదువుచుండగనే రెండవ యక్షరమేదో పట్టుకొనవలెను, అదియే ప్రాస. నడకను బట్టి వృత్తమేదో గుర్తింపవలెను. ఇంతయు చెవితో చేయవలసిన పని. పిమ్మట పొలముగట్టున, బస్సులో, భోజనముకడ కూడ ఆ పాదమే నోట మెదలుచుండును. పూరణమును కార్డుమీద వ్రాసి టపాలో వేసెడివారు. తరువాతి కార్యక్రమమున ఎంపికయైన పద్యములను, వ్రాసినవారి పేరుతో ఊరిపేరుతో చదివెదరు. ఏ పత్రికయు అచ్చువేయని గుమాస్తాల, ఉపాధ్యాయుల, గృహిణుల పద్యములు ఇట్లు లోకమునకు వినిపించినవి. తన పేరు వచ్చునేమోయని రేడియోకు చెవి యానించి కూర్చున్నవాడు, రాకపోయినను వచ్చిన పద్యములన్నియు వినును; తనకు తట్టని మార్గము మఱియొకనికెట్లు తట్టెనో తెలిసికొనును. ఓడినవాడు కూడ ఇన్ని పద్యములు గెలుచుకొను ఆట మఱియొకటి లేదు.

ఆకాశవాణి దృష్టి మన భాషకే పరిమితము కాలేదు. 1956లో మొదలైన సర్వభాషా కవిసమ్మేళనము గణతంత్ర దినమునకు ముందటి రాత్రి ప్రసారమగుచు వచ్చినది. వంగకవి, కన్నడకవి పలికిన భావము తెలుగు కవితయై తెలుగు శ్రోతకు చేరినది.

హైదరాబాదులో 1977లో దూరదర్శన్ కేంద్రము ఏర్పడిన పిదప పద్యమునకు రూపము కూడ వచ్చినది. టెలివిజనుకు తగిన సాహిత్యక్రీడ అవధానము. తిరుపతి వేంకటకవులు ఊరూర తిరిగి ప్రచారములోనికి తెచ్చిన ఈ విద్యను సభలో వెనుక కూర్చున్నవాడు సరిగా చూడలేడు. తెఱమీద అవధాని ముఖము దగ్గఱగా కనిపించును. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరమును నిషేధించిన క్షణమున ఆయన కనుబొమలు ముడివడుట, వెంటనే వేఱొక యక్షరము దొరకగా పెదవులపై చిఱునవ్వు మెఱయుట చూచినవాడు, పద్యము పుట్టుటను చూచినట్లే. అప్రస్తుత ప్రసంగమునకు నవ్వుచునే ఆయన మనస్సులో సగమల్లిన పద్యములను కాపాడుకొనుచుండును. చివర ధారణలో వానినన్నిటిని వరుసగా అప్పగించునపుడు, ఇంటిలో కూర్చున్నవానికిని ఊపిరి బిగబట్టినట్లగును.

కాని టెలివిజను కొన్నిసార్లు ఈ విద్యకు అన్యాయము చేయును. అవధాని ఆలోచించు విరామములను వ్యర్థకాలమని కత్తిరింతురు. ఆ మౌనము లేకున్న పద్యము సులభముగా వచ్చినట్లు తోచును. కష్టము కనబడదు గనుక ఆనందమును తగ్గును. ఇంకొక చోట పద్యము చదువుచుండగా వెనుక జలపాతములు, పూదోటలు చూపుదురు. కవి మాటలతో చూపినదానిని మరల బొమ్మతో చూపనేల? శ్రోత తన మనస్సులో కట్టుకొన్న తోట ఆ బొమ్మ రాగానే చెదరిపోవును.

ముఖము కనబడక గొంతు మాత్రమే వినబడుటలోని మహిమకు దేవులపల్లి కృష్ణశాస్త్రి (1897–1980) జీవితమే దృష్టాంతము. ‘కృష్ణపక్షము’ వ్రాసిన ఆ కవి గొప్ప వక్త. ఆయన మాటలాడుచున్న సభ కదలక మెదలక వినెడిది. ఆయన హైదరాబాదు ఆకాశవాణిలో పనిచేసెను. లలితగేయములు, సంగీతరూపకములు రేడియోకై రచించెను. అట్టివాని కంఠమునకు 1960 తరువాతి సంవత్సరములలో వ్యాధి సోకి మాట పూర్తిగా పోయెను. అప్పటినుండి చెప్పదలచినదెల్ల కాగితముమీద వ్రాసి చూపవలసివచ్చెను. వ్రాయుట మాత్రము మానలేదు. ఇంటికి వచ్చిన మిత్రునితో ఒక్క మాట పలుకలేని ఆ కవి గేయములను, ఆయననెన్నడును చూడని గాయకులు నేర్చుకొని పాడినారు. తెల్లవాఱుచుండగా రేడియో త్రిప్పినవారు, పొయ్యికడ నున్నవారు, బడికి బయలుదేరుచున్న పిల్లలు ఆ పాటలు వినిరి.