ఒక హెక్టారు మడ అడవి విలువ ఎంత?

పుదుచ్చేరి బీచ్ రోడ్డులోని సచివాలయం నుంచి యానాం వెళ్లాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. గౌతమీ గోదావరి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల ఈ తెలుగు ప్రాంతం కేంద్రపాలిత పుదుచ్చేరిలో భాగం. నది సముద్రంలో కలిసే ఈ ప్రాంతంలోనే ఆంధ్రప్రదేశ్ వైపు కోరింగ అభయారణ్యం ఉంది. దాని మడ అడవులు చాలామందికి తెలిసినవే. యానాం వైపూ మడ చెట్లు ఉన్నాయి.

అక్కడ జెట్టీ కోసం ఒక హెక్టారు మడ అడవిని తొలగించాలన్న ప్రతిపాదన వచ్చిందని ఊహించుకుందాం. ఫైలు పుదుచ్చేరిలో ఒక జూనియర్ పాలసీ అనలిస్ట్ బల్ల మీదికి చేరింది. అనుమతి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది కాదు. కానీ నిర్ణయం తీసుకునేవారు చూసే అంకెలు ఆమె రాసినవే. ఆ అంకెలు ఎలా పుడతాయో చూద్దాం.

ఏవి లెక్కలోకి వస్తాయి?

మడ అడవి ఇచ్చేవాటిలో కొన్నింటికి బజారులో ధర ఉంది. వంటచెరకు, పీతలు, రొయ్యలు, చేపలు అలాంటివి. మరికొన్నింటికి ధర లేదు. మడ చెట్ల కింది బురద కార్బన్‌ను దీర్ఘకాలం దాచి ఉంచుతుంది. చిక్కుపడిన వేర్ల మధ్య చేపపిల్లలు పెరుగుతాయి. తుపాను వేళ చెట్లు అలల వేగాన్ని తగ్గిస్తాయి. ధర లేనంత మాత్రాన విలువ లేనట్టు కాదు, దాన్ని వేరే దారిలో కొలవాలి.

ఒడిశాను 1999లో సూపర్ సైక్లోన్ తాకింది. సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కేంద్రపడ జిల్లా గ్రామాల్లో మరణాల లెక్కలను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రచురించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తక్కువని తేలింది. ముందస్తు హెచ్చరికలు అంతకంటే ఎక్కువ ప్రాణాలు కాపాడాయని కూడా వారే రాశారు. అనలిస్ట్ ఈ రెండు మాటలనూ తన నోట్‌లో చేర్చాలి. ఒకటి చెప్పి ఇంకొకటి వదిలేస్తే లెక్క ఒకవైపు మొగ్గుతుంది. 1996 నవంబరు తుపాను దెబ్బ తిన్న యానాం, కోనసీమ ప్రజలకు ఇది కాగితం మీది చర్చ కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చెట్టును నరికి అమ్మితే వచ్చే డబ్బునూ, అదే చెట్టు నిలబడి ఏటా ఇచ్చే రక్షణనూ కలిపి కూడకూడదు. నరికితే రెండోది ఉండదు. ఒకే విలువను రెండుసార్లు లెక్కించడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు.

రేపటి రూపాయి

జెట్టీ లాభం త్వరగా వస్తుంది. అడవి లాభం దశాబ్దాల పాటు కొద్దికొద్దిగా వస్తుంది. ఈ రెండింటినీ పోల్చడానికి భవిష్యత్తు రూపాయిని నేటి రూపాయిలోకి మార్చాలి. ఆ మార్పిడికి వాడేదే డిస్కౌంట్ రేటు. ఇది రేడియోధార్మిక పదార్థం క్షీణించినట్టే పనిచేస్తుంది. రేటు 4 శాతమైతే రూపాయి విలువ సుమారు 18 ఏళ్లకు సగమవుతుంది, 10 శాతమైతే 7 ఏళ్లకే.

ఒక హెక్టారు అడవి ఏటా లక్ష రూపాయల మేలు చేస్తుందనుకుందాం. ఇది కేవలం ఉదాహరణ. 50 ఏళ్ల మేలును 4 శాతం రేటుతో నేటి విలువలోకి మారిస్తే సుమారు 21.48 లక్షలు వస్తుంది. 10 శాతం రేటుతో అది 9.91 లక్షలే. అడవి అదే, మేలూ అదే. రేటు మారగానే సగానికి పైగా విలువ మాయమైంది. యాభయ్యో ఏడు వచ్చే లక్ష రూపాయలు 4 శాతంతో నేడు సుమారు 14,070 రూపాయలతో సమానం, 10 శాతంతో దాదాపు 850 రూపాయలు. మన మనవల వాటా ఎంతో ఈ ఒక్క అంకె తేలుస్తుంది.

కోర్టు చెప్పిన ధర

అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించేవారి నుంచి నికర ప్రస్తుత విలువ వసూలు చేయాలని సుప్రీంకోర్టు 2002లో గోదవర్మన్ కేసులో ఆదేశించింది. ఆర్థికవేత్త కాంచన్ చోప్రా నేతృత్వంలోని కమిటీ దీనికి పద్ధతి సూచించింది. 2008లో కోర్టు ఖరారు చేసిన రేట్లు అడవి రకాన్నీ సాంద్రతనూ బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల వరకు ఉన్నాయి. తీర, చిత్తడి అడవులను రెండో తరగతిలో చేర్చారు. అభయారణ్యంలో ఐదు రెట్లు, జాతీయ ఉద్యానవనంలో పది రెట్లు చెల్లించాలి. 2022లో కేంద్రం రేట్లను పెంచింది.

అయితే ఇది మళ్లింపు కోసం చెల్లించే పరిహారం. అడవికి కట్టిన అమ్మకపు ధర కాదు. ఆ సొమ్ముతో ఎక్కడో మొక్కలు నాటితే అవి యానాం తీరానికి అలల నుంచి రక్షణ ఇవ్వలేవు. గోదావరిలో వల వేసే కుటుంబానికి చేపలూ తెచ్చిపెట్టవు.

నోట్‌లో ఏం ఉండాలి?

అందువల్ల అనలిస్ట్ ఒకే అంకె రాసి ఊరుకోకూడదు. కనీసం రెండు మూడు డిస్కౌంట్ రేట్లతో ఫలితాలను పక్కపక్కన చూపాలి. ఏవి లెక్కించారో, ఏవి వదిలేశారో చెప్పాలి. ఒడిశాలో వచ్చిన ఫలితాన్ని యానాంకు వాడితే రెండు చోట్లకూ ఉన్న తేడాలు రాయాలి. లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్నది ప్రత్యేకంగా పేర్కొనాలి. మొత్తం లాభం ఎక్కువే అయినా నష్టం అంతా మత్స్యకారుల మీదే పడవచ్చు.

ఇకపై వార్తల్లో "ఈ అడవి విలువ ఇన్ని కోట్లు" అని కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఏవి లెక్కించారు? ఎన్నేళ్లకు, ఎంత రేటుతో? పోగొట్టుకునేది ఎవరు? వీటికి జవాబు లేని అంకె ఎంత పెద్దదైనా దాని మీద నిర్ణయం తీసుకోవడం తొందరపాటే అవుతుంది.