రక్తపోటును అదుపులో ఉంచుకుందాం – మలి వయసులో మన కాళ్ల మీద మనం నిలబడదాం

పెద్ద వయసులో మనిషి కోరుకునేది ఎక్కువేమీ కాదు. తన స్నానం తాను చేయాలి, తన బట్టలు తాను వేసుకోవాలి, ఒకరి చేయి పట్టుకోకుండా మరుగుదొడ్డికి వెళ్లి రావాలి. ఈ స్వేచ్ఛను లాక్కునే జబ్బుల్లో అధిక రక్తపోటు ఒకటి.

మా అబ్బాజాన్‌కు బీపీ ఉందని మాకు తెలుసు. "తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఇంక మాత్ర దేనికి?" అని ఆయన మానేశారు. చదువుకున్నవాణ్ణి, నేనూ గట్టిగా చెప్పలేదు. ఒక ఉదయం కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. తర్వాత బతికిన నాలుగేళ్లూ అమ్మీ తినిపిస్తేనే తిన్నారు. జబ్బు కన్నా ఆ పరాధీనతే ఆయనను ఎక్కువ కుంగదీసింది.

ఇందులో మొదటి పాఠం: చాలామందిలో బీపీకి ఏ లక్షణమూ ఉండదు. కొలిస్తేనే తెలుస్తుంది. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకు మించి వస్తుంటే డాక్టరును కలవాలి. కొలిచే ముందు అరగంట టీ తాగకూడదు. అయిదు నిమిషాలు మౌనంగా, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి.

రెండవది: పక్షవాతం రాకపోయినా నష్టం జరుగుతూనే ఉంటుంది. మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని నడక మందగిస్తుంది, మతిమరుపు పెరుగుతుంది.

మూడవది: "ఈ వయసులో మందులెందుకు?" అనే మాట సరికాదు. 80 ఏళ్లు దాటినవారిపై జరిపిన హైవెట్ పరిశోధన ఫలితాలు 2008లో వచ్చాయి. మందు వాడినవారిలో గుండె వైఫల్యం, మరణాలు తగ్గాయి.

నాలుగవది: మందు వేసుకునే పెద్దలకు లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు. కిందపడితే తుంటి ఎముక విరగవచ్చు. అందుకే మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి. కళ్లు తిరుగుతుంటే డాక్టరుకు చెప్పాలే గాని, సొంతంగా మందు మానకూడదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపల్లోని ఉప్పూ ఈ లెక్కలోదే. చేతనైనంత నడక రోజూ ఉండాలి. సజ్దా నుంచి లేవడానికి కొత్తగా చేతి ఊతం కావలసివస్తే, కాళ్ల బలం తగ్గిందేమో చూసుకోవాలి.

దాతలకు ఒక మనవి. బీపీ మందు ఒక నెల ఇచ్చి ఆపితే మేలు నిలవదు. పదిమందికి ఒక నెల ఇచ్చేకన్నా, ఒక్కరికైనా ఏడాది పొడవునా అందేలా చూడండి. అలాగే ఈ రాత్రి మీ ఇంట్లో పెద్దల మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఆ పని నేను సకాలంలో చేయలేదు.