రేడియేషన్ తర్వాత స్కాన్‌లో మెరుపు... తిరగబెట్టినట్టేనా?

ప్రశ్న: డాక్టరు గారూ! మాది సికింద్రాబాద్, మారేడ్‌పల్లి. నాన్నగారికి 61 ఏళ్లు. గొంతు క్యాన్సర్‌కు ఎంఎన్‌జే ఆసుపత్రిలో ఏడు వారాలు రేడియేషన్, కీమో ఇచ్చారు. అయిపోయి ఐదు వారాలైంది. మనసాగక మేమే బయట పెట్ సీటీ తీయించాం. గొంతులోనూ, మెడలో ఒక గ్రంథిలోనూ మెరుపు కనిపిస్తోందని రిపోర్టిచ్చారు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. క్యాన్సర్ మళ్లీ వచ్చినట్టేనా?
– ఒక సోదరి

జవాబు: లేదమ్మా, ఈ ఒక్క రిపోర్టు చూసి అంత మాట అనలేం. పెట్ సీటీకి ఎక్కించే మందు గ్లూకోజు లాంటిది. క్యాన్సర్ కణాలు దాన్ని ఆబగా లాక్కుంటాయి, అందుకే మెరుస్తాయి. అయితే రేడియేషన్‌కు కమిలిన చోటును బాగుచేయడానికి వచ్చే తెల్ల రక్తకణాలూ అంతే లాక్కుంటాయి. ఐదో వారంలో ఈ రెండింటినీ విడదీసి చెప్పడం కష్టం. పైగా రేడియేషన్ ఆపేశాక కూడా కొన్ని వారాల పాటు క్యాన్సర్ కణాలు చస్తూనే ఉంటాయి.

అందుకే 12 వారాలు ఆగమంటాం. ఇది ఊరికే చెప్పే మాట కాదు. బ్రిటన్‌లో మెడ గ్రంథులకు పాకిన తల, మెడ క్యాన్సర్ రోగులు 564 మందిపై చేసిన పరిశీలన 2016లో వెలువడింది. సగం మందికి మెడ ఆపరేషన్ ముందే నిర్ణయించారు. మిగతా 282 మందికి 12 వారాలకు పెట్ సీటీ చేసి, అవసరమైతేనే కత్తి పట్టారు. ఈ రెండో వర్గంలో జరిగిన మెడ ఆపరేషన్లు 54 మాత్రమే. బతికినవారి శాతంలో తేడా లేదు.

కంగారుపడి బయాప్సీకి మాత్రం పరుగెత్తకండి. రేడియేషన్ పడిన చోట గాయం ఓ పట్టాన మానదు. ఈ రిపోర్టు, చికిత్సకు ముందు తీసిన స్కాన్ల సీడీలు పట్టుకుని రేడియేషన్ ఇచ్చిన డాక్టరుగారినే కలవండి. ఆయన కెమెరాతో గొంతు చూసి, మెడ తడిమి చెప్పేది ఇప్పుడు స్కాన్ కన్నా విలువైనది. అయితే మెడలో గడ్డ పెరుగుతున్నా, ఒకవైపు చెవిపోటు వదలకున్నా, మింగడం రోజురోజుకీ కష్టమవుతున్నా, రక్తం పడినా 12 వారాల దాకా ఆగొద్దు. వెంటనే వెళ్లండి.

ఈసారి స్కాన్‌కు ఆరు గంటలు ఏమీ తినకుండా తీసుకెళ్లండి, మంచినీళ్లు తాగొచ్చు. షుగరుంటే మాత్రల సంగతి ముందే అడగండి. ఇంజెక్షన్ చేశాక గంటసేపు నాన్నగారిని మాట్లాడనివ్వకండి. మాట్లాడితే స్వరపేటిక కండరాలూ మెరిసి, లేని అనుమానం పుట్టిస్తాయి. ఆ స్కాన్ శుభ్రంగా ఉంటే, ఏ బాధా లేకుండా మళ్లీ మళ్లీ పెట్ సీటీలకు డబ్బు పోయొద్దు. మొదటి రెండేళ్లు డాక్టరు చెప్పిన తేదీలకు తప్పకుండా చూపించండి, ఆరు నెలలకోసారి థైరాయిడ్ పరీక్ష చేయించండి. గుట్కా, సిగరెట్ అలవాటుంటే ఈరోజే మాన్పించండి.