ప్రాచీన గ్రంథ సేకరణము

ప్రశ్న: పాత తెలుగు పుస్తకములు సేకరింపవలెనని నా కోరిక. ఎట్లు మొదలిడవలెను?

జవాబు: దొరకిన ప్రతి గ్రంథమును కొనుటకంటె ఒక ముద్రాపకునో, ఒక రచయితనో, ఒక కాలమునో ఎంచుకొని దానియందే దృష్టి నిలుపుట మేలు, ఏలయన, హద్దులేని సేకరణము ధనమును, స్థలమును హరించునే గాని జ్ఞానమును పెంపొందింపజాలదు. 1854లో చెన్నపట్టణమున నెలకొన్న వావిళ్లవారి ప్రచురణములుగాని, 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి వెలువరించిన గ్రంథములుగాని మీకు చక్కని ప్రారంభము కాగలవు. ఆదివారమునాడు హైదరాబాదు అబిడ్స్ కాలిబాటలమీదను, విజయవాడ లెనిన్ సెంటరు దుకాణములందును ఓపికతో వెదకుడు.

గ్రంథము చేతికి వచ్చినంతనే ముఖపత్రమును, దాని వెనుకనున్న ముద్రణ వివరములను చదివి, అది ఎన్నవ కూర్పో నిర్ధారించుకొని, పుటలను ఒక్కొక్కటిగా త్రిప్పి చూడుడు. ఒక్క పుట లోపించినను వెల మిక్కిలి తగ్గవలెను. పూర్వ యజమానుని సంతకమును చెరపవలదు, అదియు ఆ ప్రతియొక్క చరిత్రలో భాగమే. చినిగినచోట సెల్లోటేపు అంటించుట మహాపరాధము. దాని జిగురు కాలక్రమమున కాగితమునందింకి, ఎన్నటికిని పోని మరకగా మిగులును. గ్రంథాలయ ముద్రగల ప్రతి ఎదురైనచో, అది న్యాయముగా విక్రయింపబడినదో, అపహరింపబడినదో విచారింపక కొనవలదని నా మనవి.