వినిమయ విద్యార్థి: కెనడా విశ్వవిద్యాలయములలో కొన్ని మాసముల చదువు

సికిందరాబాదు వీథులలో నడచువారికి ఒక విషయము స్పష్టముగా గోచరించును. బట్టల యంగళ్ళకును మందుల దుకాణములకును పైన, రెండవ యంతస్తున, విదేశ విద్యకు దారి చూపుదుమను పెద్ద పలకలు వ్రేలాడుచుండును. వానిపై అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు, కెనడా దేశముల పతాకములు చిత్రింపబడి యుండును. మన పాఠశాలలోని పై తరగతుల బాలబాలికలు వానిని చదువుచునే బడికి వచ్చుచున్నారు. కాని ఆ పలకలమీద మేమెన్నడును చూడని మాట యొకటి కలదు. అది ‘వినిమయ విద్యార్థి’ యను మాట. దానివలన పలకలు కట్టువారికి లాభము లేదు గనుక వారు దానిని వ్రాయరు. ఆ లోటును ఈ వ్యాసమున కొంత తీర్పదలచితిమి.

వినిమయమనగా ఇచ్చి పుచ్చుకొనుట. పల్లెలలో ధాన్యము కొలిచి యిచ్చి ఉప్పు పుచ్చుకొనుట యెట్టిదో యిదియు నట్టిదే. ఇచటి కళాశాలయు అచటి విశ్వవిద్యాలయమును ముందుగా ఒక యొడంబడిక వ్రాసికొనును. దాని ప్రకారము మన విద్యార్థి యొకడు అచటికి పోయి ఒక సెమిస్టరో రెండు సెమిస్టర్లో చదువును. వారి విద్యార్థి యొకడు ఇచటికి వచ్చి చదువును. మనవాడు బోధనా రుసుమును తన కళాశాలకే చెల్లించును. వారివాడు తన విశ్వవిద్యాలయమునకే చెల్లించి వచ్చును. పట్టము నిచ్చునది స్వదేశపు కళాశాలయే. విదేశమున నేర్చిన పాఠముల క్రెడిట్లు మాత్రము ఇచటి లెక్కలో చేరును.

రుసుము పుచ్చుకొనకుండ అంతటి విశ్వవిద్యాలయము మనవాని నేల చేర్చుకొనునని తలిదండ్రులు సందేహింతురు. అది దాతృత్వము గాదు. పోయినవారి సంఖ్యయు వచ్చినవారి సంఖ్యయు కొన్ని యేండ్లలో ఇంచుమించు సరిపోవలయును. అందుచేతనే స్థలములు మిక్కిలి కొద్ది. ఆ దేశపు విద్యార్థులు మన కళాశాలలకు వచ్చుట కిష్టపడనిచో మనవారికి అచట చోటు తగ్గును. కావున ఇచటికి వచ్చిన యతిథి విద్యార్థికి మంచి వసతియు మంచి పాఠమును చూపుటయు ఈ లెక్కలో నొక భాగమే. ఇది మన కళాశాలలు తగినంతగా తలపోయుట లేదని మా యభిప్రాయము.

మన నగరమునకును కెనడాకును గల పూర్వసంబంధ మొకటి యిచట చెప్పుట అప్రస్తుతము కాదు. 1893వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన సికిందరాబాదు మహబూబు కళాశాలలో వివేకానందస్వామివారు పాశ్చాత్యదేశములకు తాము పోదలచిన యుద్దేశమును గుఱించి ఉపన్యసించిరి. మే 31వ తేదీన బొంబాయిలో ఓడ యెక్కి, చైనా జపానుల మీదుగా పయనించి, జూలై 25వ తేదీన వాంకూవరు రేవున దిగిరి. అచటినుండి రైలులో చికాగోకు పోయిరి. అనగా ఆ ఖండమున వారు మొదట అడుగు పెట్టిన నేల కెనడాయే. వారు చికాగోకు పోయిన సంగతి మన పిల్లలందఱెఱుగుదురు. ఏ దారిని పోయిరో ఎఱిగినవారు తక్కువ.

తెలుగువారికి కెనడావారితో పరిచయము అంతకు ముందే కలిగినది. 1874లో జాన్ మెక్లారిన్ మొదలగు కెనడా బాప్టిస్టు మిషనరీలు కాకినాడలో పని ప్రారంభించిరి. వారి వెనుక వచ్చిన యువజనులకు మొదటి పని తెలుగక్షరములు దిద్దుకొనుటయే. టొరంటో నగరమున చదివినవారు గోదావరి తీరమున ఓనమాలకు కూర్చుండుట కూడ ఒక విధమగు వినిమయమే యనవచ్చును. తరువాత 1968లో, లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర, శాస్త్రి ఇండో-కెనడియన్ సంస్థ యేర్పడి రెండు దేశముల పండితులకును విద్యార్థులకును రాకపోకలు కలిగించినది.

విదేశమునకు పోయి కొన్నాళ్ళు చదివి తిరిగివచ్చుట మన ప్రాంతమునకు క్రొత్త గాదు. హైదరాబాదున 1879లో జన్మించిన సరోజినీదేవి నిజాము ప్రభుత్వమిచ్చిన విద్యార్థివేతనముతో 1895లో ఇంగ్లండునకు పోయి, లండను కింగ్సు కళాశాలలోను కేంబ్రిడ్జి గర్టను కళాశాలలోను చదివి, 1898లో పట్టము లేకయే తిరిగివచ్చిరి. పట్టము లేదని ఆ మూడేండ్లు వ్యర్థమైనవని నేడెవరందురు?

ఇందుకు భిన్నమైన దారి యెల్లాప్రగడ సుబ్బారావుగారిది. భీమవరమున 1895లో జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1920 తరువాతి తొలియేండ్లలో వారు బోస్టనునకు పోయిరి. మామగారి ధనసహాయమును, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయమును వారికి ఆధారము. అవి చాలక అచటి ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసిరి. 1925లో ఫిస్కేతో కూడి భాస్వరమును కొలుచు పద్ధతిని వెలువరించిరి. లెడర్లే పరిశోధనాలయమున వారి యాధ్వర్యవమున 1945లో ఫోలిక్ ఆమ్లము, 1948లో ఆరియోమైసిన్ లోకమున కందినవి. 1948 ఆగస్టులో అచటనే మరణించిరి. బయలుదేరిన నాటినుండి తిరిగి స్వదేశమును చూడలేదు. భార్య శేషగిరిగారు ఇచటనే యుండిపోయిరి. లోకమునకు కలిగిన లాభము అపారము; ఒక యింటికి కలిగిన నష్టమును తూచు త్రాసు మాయొద్ద లేదు. వినిమయ విద్యార్థి విషయమున ఈ చిక్కు రాదు. తిరిగివచ్చుట యొడంబడికలోనే యున్నది. తిరిగి రానిచో పట్టము లేదు.

ఇక అచటి చదువు సంగతి. కెనడాలోని పెద్ద విశ్వవిద్యాలయములలో టొరంటో మొదట చెప్పదగినది. 1827లో రాజశాసనముచే కింగ్సు కళాశాలగా స్థాపింపబడి 1850లో ఇప్పటి పేరు ధరించినది. నేడు మూడు ఆవరణలలో 90,000కు మించిన విద్యార్థులు కలరు. మన పాఠశాలవంటివి ఎన్ని చేరినచో అంత సంఖ్య యగునో పిల్లలే లెక్కవేసికొనవచ్చును. మధుమేహమునకు వాడు ఇన్సులినును బాంటింగు, బెస్టు మొదలగువారు 1921-22లలో కనుగొనినది ఇచటనే; 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునికి మొదట ఆ మందునిచ్చిరి. మాంట్రియలు నగరమునందలి మెగిల్ 1821లో స్థాపితమైనది. రూథర్‌ఫర్డు 1898 మొదలు 1907 వఱకు అచట ఆచార్యుడు. ఆ నగరమున ఫ్రెంచిభాష వాడుక. మెగిల్‌లో బోధన ఇంగ్లీషున జరిగినను, వ్యాసములను ఫ్రెంచిలో వ్రాసి యిచ్చుటకు విద్యార్థికి హక్కు కలదు. పడమటి తీరమున వాంకూవరులో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయము, ఎడ్మంటనులో ఆల్బర్టా విశ్వవిద్యాలయము గలవు. రెండును 1908లో పుట్టినవి.

ఇంత పెద్ద చోట మొదటి యేటి పాఠమునకు వేయిమందికి పైగా ఒకే మందిరమున కూర్చుండుట కలదు. ఆచార్యునకు విద్యార్థి పేరు తెలియదు. హాజరు పిలువని తరగతులనేకము. మనవారిలో కొందఱు దీనిని స్వేచ్ఛయని భ్రమపడి రెండు వారములు గడపుదురు. మూడవ వారమున వ్యాసము నిమ్మని యడుగునప్పటికి మేలుకొందురు. కాని ఆ పెద్ద మందిరముతోనే చదువు ముగియదు. ఇరువది ముప్పదిమంది చొప్పున చిన్న కూటములు వేఱుగా జరుగును. అచట సహాయ బోధకుడు ప్రశ్నలు వేయును, ప్రతివాడును మాటలాడవలయును. ఆచార్యుడు వారమున కొన్ని గంటలు తన గదిలో కూర్చుండి, వచ్చినవారి సందేహములు తీర్చును. తలుపు తెఱచియే యుండును. మన పిల్లలు గురువునెదుట నిలిచి మౌనము వహించుటయే వినయమని పెరిగినవారు గనుక ఆ గుమ్మము దాటుటకు వెనుదీయుదురు. అచట అడుగనివానిని వినయవంతుడని యనుకొనరు. అతనికి సందేహములు లేవని యనుకొందురు.

మొదటి దినముననే పాఠ్యప్రణాళిక యొకటి చేతికిత్తురు. ఏ వారమున ఏ గ్రంథము చదువవలయునో, ఏ వ్యాసమునకు ఎన్ని మార్కులో, ఆలస్యమైనచో ఎన్ని తగ్గునో అందు వ్రాసియుండును. మన వార్షిక పరీక్షవలె కడపటి నెలలో గైడు పుస్తకము వల్లించి గట్టెక్కు ఉపాయము అచట చెల్లదు. మార్కులు సెమిస్టరు పొడవునను చల్లబడి యుండును.

మఱియొక విషయమును మేము ప్రత్యేకముగా హెచ్చరింపవలసి యున్నది. ఇతరుల వాక్యములను వారి పేరు చెప్పక తనవిగా వ్రాయుట అచట నేరము. సున్నా మార్కుల మొదలు విశ్వవిద్యాలయమునుండి తొలగించుట వఱకు శిక్షలు కలవు. ఉపాధ్యాయు డనుమతింపనిచోట యంత్రముచే వ్రాయించిన వ్యాసము నిచ్చుటయు దోషమే. పుస్తకములోని జవాబును కామా తప్పకుండ వ్రాసినవానికి నిండు మార్కులిచ్చు అలవాటు మన బడులలో నున్నది. ఆ యలవాటుతో పెరిగిన మంచి విద్యార్థియే అచట మొదట చిక్కుకొనును. తానేమి తప్పు చేసెనో అతనికి తెలియదు. ఈ విషయమున బోధకులమైన మేము ముందుగా మా ప్రశ్నపత్రములను మార్చుకొనుట న్యాయము.

కాలమును గుఱించి. అచటి మొదటి సెమిస్టరు సెప్టెంబరు మొదలు డిసెంబరు వఱకు, రెండవది జనవరి మొదలు ఏప్రిలు వఱకు. మన కళాశాలల జూలై ఆగస్టు సెమిస్టరు దీనితో సరిగా అతుకదు; జనవరి సెమిస్టరు కొంత అతుకును. కాని అది గడ్డు చలికాలము. జనవరిలో టొరంటో సగటు ఉష్ణము సున్నకు నాలుగైదు డిగ్రీలు దిగువ. మాంట్రియలు, ఎడ్మంటను నగరములలో ఇంకను తక్కువ. వాంకూవరులో మంచు తక్కువ, వాన యెక్కువ. డిసెంబరున టొరంటోలో సాయంకాలము అయిదు కాకమునుపే సూర్యుడస్తమించును. చలికంటె ఈ చీకటియే మనవారి మనస్సును క్రుంగదీయును. ఆ దినములలో సికిందరాబాదున రాత్రి తొమ్మిదియైనప్పుడు టొరంటోలో ఉదయము పదిన్నర. అమ్మతో మాటలాడవలయునన్న పాఠమునకు పోవు వేళయగును. ఇంటిపై బెంగ యెవరికైనను కలుగును. దానిని దాచుకొనక విశ్వవిద్యాలయపు సలహాదారులకు చెప్పుకొనవచ్చును, అందుకే వారున్నారు.

బ్రాంప్టను, మిసిసాగా, స్కార్బరో ప్రాంతములందు తెలుగు కుటుంబములు పెక్కు గలవు. గోంగూర పచ్చడికి కొఱత లేదు. అయినను నాలుగు నెలలకు పోయినవాడు నలుగురు తెలుగువారితోనే గదిలో నుండి తిరిగివచ్చినచో ఆ ప్రయాణము అమీరుపేటకు చేసినను చాలును.

ధనమును గుఱించి భ్రమ యుండరాదు. అచట బోధనా రుసుము లేదు గాని, విమానపు టిక్కెట్టు, గది, భోజనము, ఆరోగ్యభీమా, ఉన్ని దుస్తులు ఇవన్నియు విద్యార్థి భరింపవలసినవే. ఆరు నెలలకు మించని చదువునకు సాధారణముగా స్టడీ పర్మిట్టు అక్కఱలేదు, సందర్శక వీసా చాలును. అంతకు మించినచో పర్మిట్టు కావలయును. పర్మిట్టు కొఱకు చూపవలసిన జీవనధనమును ఆ ప్రభుత్వము 2024 జనవరి 1న ఏటికి 10,000 డాలర్లనుండి 20,635కును, 2025 సెప్టెంబరు 1న 22,895కును పెంచినది. కావున నాలుగేండ్ల క్రిందట పోయిన అన్న చెప్పిన లెక్క నేటి తమ్మునికి పనికిరాదు. కెనడా ప్రభుత్వపు ప్రకటనలను చూచియే లెక్క కట్టవలయును.

పూర్ణ పట్టము కొఱకు పోవువారు పొలమును తాకట్టు పెట్టి పోవుట మన జిల్లాలలో సామాన్యమైనది. అట్టి ధనము మోసగాండ్ర పాలైన సందర్భములున్నవి. 2011లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అందలి విద్యార్థులలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశమువారు. కొందఱి కాళ్ళకు అధికారులు జాడ తీయు పట్టీలు కట్టిరి. 2019లో మిషిగన్ రాష్ట్రపు ఫార్మింగ్టన్ యూనివర్సిటీ, వీసా నేరములను పట్టుకొనుటకు ఆ దేశపు అధికారులే నడిపిన బూటకమని తేలెను. అందును తెలుగువారనేకులు పట్టుబడిరి. 2023లో కెనడాలోనే నకిలీ ప్రవేశపత్రములతో వచ్చిరను కారణమున కొందఱు భారతీయ విద్యార్థులపై దేశమునుండి పంపివేయు చర్యలు మొదలయ్యెను. దళారి తమ్ము మోసగించెనని వారు మొఱపెట్టుకొనిరి. వినిమయమున దళారికి చోటు లేదు. విద్యార్థిని ఎన్నుకొనునది అతని కళాశాలయే. ఎవడైనను ధనము పుచ్చుకొని వినిమయ స్థానము నిప్పింతునన్నచో అది వినిమయము గాదు.

బయలుదేరకముందే చేయవలసిన ముఖ్యకార్య మొకటి. అచట చదువబోవు పాఠములను ఒక పత్రమున వ్రాసి, అవి యిచట ఏ పాఠములకు బదులుగా లెక్కింపబడునో తన శాఖాధిపతిచే సంతకము చేయించుకొనవలయును. నోటిమాట చాలదు, శాఖాధిపతులు మారుదురు. అచటికి పోయిన తరువాత ఒక పాఠము దొరకక వేఱొకటి తీసికొనినచో వెంటనే వ్రాసి మఱల అంగీకారము పొందవలయును. ఈ జాగ్రత్త లేనివాడు నాలుగు నెలలు చదివి వచ్చి, ఆ చదువు లెక్కకు రాక, తన తరగతివారికంటె ఒక యేడు వెనుకబడును.

ఇవి కళాశాలలో చేరిన పిమ్మటి మాటలు. సాధారణముగా రెండవ, మూడవ సంవత్సరములలోనే ఈ యవకాశము. ఇంటరు తరువాత కళాశాలను ఎన్నుకొనునప్పుడు హాస్టలు, బస్సు సంగతులతోబాటు, ఏయే విదేశ విశ్వవిద్యాలయములతో ఒడంబడికలున్నవో, గత మూడేండ్లలో ఎందఱు పోయివచ్చిరో అడుగవలయును. ఒడంబడికలు గోడకు వ్రేలాడదీసి యెవరిని పంపని చోటులును కలవు.

పదవ తరగతివారు ఇప్పుడే సరిచూచుకొనవలసిన దొకటి మిగిలినది. అది తమ పేరు. మనము ఇంటిపేరును ఒక యక్షరముగా కుదించి ముందు వ్రాయుదుము. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేఱు, సొంతపేరు వేఱు, రెండును పూర్తిగా వ్రాయవలయును. పదవ తరగతి మెమోలో నొక విధముగను, ఆధారులో నింకొక విధముగను, పాస్‌పోర్టులో వేఱొక విధముగను ఉన్నచో వీసా వేళ అఫిడవిట్ల కొఱకు తిరుగవలసి వచ్చును. పాఠశాలనుండి నామినల్ రోల్సు బోర్డునకు పోవుటకు ముందు ప్రతి విద్యార్థికిని తన పేరు చూచి సంతకము చేయుటకు పత్రమిత్తురు. ఆ దినమున తలిదండ్రులలో నొకరిని వెంటబెట్టుకొని వచ్చి, ఇంటిపేరు, సొంతపేరు, తండ్రిపేరు, పుట్టినతేది, ఇంగ్లీషు అక్షరములు ఒక్కొక్కటిగా చదివి మఱి సంతకము చేయవలయును.