కలువ ఏది? తామర ఏది?

తెలుగు కావ్యం చదివే విద్యార్థికి తరచుగా ఎదురయ్యే పువ్వులు రెండు: తామర, కలువ. నాయిక ముఖం తామర, కన్నులు కలువలు. సూర్యోదయంతో తామర వికసిస్తుంది, చంద్రోదయంతో కలువ విచ్చుకుంటుంది. ఈ మాత్రం పరీక్షలో అందరూ రాస్తారు. కాని చెరువుగట్టున నిలిపి, వీటిలో కలువ ఏదో చూపమంటే చాలామంది తడబడతారు. కొన్ని ఆంగ్లానువాదాలైతే రెండింటినీ ‘లోటస్’ అనే ఒక్క మాటతో సరిపెట్టివేశాయి. ఉపమానమే తెలియనప్పుడు ఉపమ రుచించదు. కనుక కావ్యాన్ని కాసేపు పక్కన ఉంచి చెరువు దగ్గరకు వెళదాం.

పువ్వుకన్న ముందు ఆకును చూడాలి. తామరాకు గుండ్రని పళ్ళెం వంటిది. కాడ ఆకు నడిమధ్యన, అడుగువైపున అతికి ఉంటుంది. అంచులో ఎక్కడా చీలిక కనిపించదు. లేత ఆకులు నీటిపై తేలినా, ముదిరిన ఆకులు నీటికి ఎగువన గొడుగులవలె నిలుస్తాయి. కలువాకు అట్లా నిలువదు. అది నీటిమీదనే పరచుకొని ఉంటుంది. అంచునుండి కాడ వరకు దానిలో ఒక లోతైన చీలిక ఉంటుంది. పువ్వులు లేని కాలంలోనైనా ఈ ఒక్క గుర్తు చాలు.

తామరాకుమీది నీటిబొట్టు మనకు ఎరిగిన ఉపమానమే. ఆకు పైభాగమంతా కంటికి కనిపించని సూక్ష్మమైన బుడిపెలు, వాటిపై మైనపు పూత ఉండటంవల్ల నీరు ఆకును అంటుకొనక, ముత్యమై దొర్లిపోతుంది. పోతూ పోతూ దుమ్మును కూడ తుడుచుకొని పోతుంది. జర్మనీకి చెందిన బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనే వృక్షశాస్త్రజ్ఞులు దీనిని పరిశీలించి 1997లో వివరించారు. సంసారంలో ఉండి కూడ అంటనివానిని మన పెద్దలు తామరాకుమీది నీటిబొట్టుతోనే పోల్చారు గాని కలువాకుమీది బొట్టుతో పోల్చలేదు. వారు చూసి చెప్పినవారు.

ఇక పువ్వు. తామరపువ్వు నడుమ తలకిందులైన శంకువు ఆకారంలో ఒక దుద్దు ఉంటుంది. సంస్కృతంలో దీనినే కర్ణిక అంటారు. దాని చదునైన పైభాగంలో చిన్న చిన్న గుంటలు, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క గింజ. ఈ గింజలు ఎంత గట్టివంటే, చైనాలో ఎండిపోయిన ఒక సరస్సు అడుగున దొరికిన సుమారు 1,300 ఏళ్ళనాటి గింజ మొలకెత్తినట్లు శాస్త్రజ్ఞులు 1995లో ప్రకటించారు. కలువకు ఇటువంటి దుద్దు లేదు. పువ్వు వాడిన తరువాత దాని కాయ నీటి అడుగున ముదురుతుంది.

ఈ రెండింటినీ తికమకపడినవారిలో సామాన్యులే కాదు, ఆధునిక వృక్షనామకరణానికి ఆద్యుడైన లిన్నేయస్ కూడ ఉన్నాడు. 1753లో ఆయన తామరను కలువలకు చెందిన ‘నింఫియా’ ప్రజాతిలోనే చేర్చాడు. తరువాతివారు దానిని వేరుచేసి ‘నెలుంబో’ అన్నారు. ఇటీవలి జన్యుపరిశోధనలు మరింత వింతైన సంగతిని తేల్చాయి. తామరకు దగ్గరి చుట్టం పక్కనే తేలే కలువ కాదు. అరకులోయ కాఫీతోటలలో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్టు! ఒకే నీటిలో బతకటంవల్ల కలిగిన పోలికే గాని తామరకూ కలువకూ సన్నిహిత బంధుత్వం లేదు.

నిజమైన చిక్కు కలువలలో కలువలను వేరుచేయటంలో ఉంది. ఇవి నిజంగా అక్కచెల్లెళ్ళు. తెలుగువారు రంగునుబట్టి తెల్లకలువ, ఎర్రకలువ, నల్లకలువ అన్నారు. నల్లకలువలోని ‘నల్ల’కు నీలమని అర్థం, నల్లనయ్యలో వలెనే. రంగును నమ్ముకొంటే మోసపోతాము. నల్లకలువగా పేర్కొనే నింఫియా నౌచాలి నీలంగానే కాక తెల్లగా, లేత గులాబిరంగులో కూడ పూస్తుంది. పాత పుస్తకాలలో నింఫియా స్టెల్లేటా అని కనిపించేదీ ఇదే. దీని ఆకు అంచు నున్నగా, లేదా కొద్దిపాటి వంకరలతో ఉంటుంది. అడుగున నూగు ఉండదు. తెల్లకలువ అయిన నింఫియా ప్యూబిసెన్స్ ఆకు అంచు రంపపు పళ్ళవలె ఉంటుంది. ఆకును తిరగవేసి వేలితో తడిమితే మెత్తని నూగు తగులుతుంది. ‘ప్యూబిసెన్స్’ అంటే నూగు కలది అనే అర్థం. ఎర్రకలువకు ‘రూబ్రా’ అనే పేరు పెట్టిన రాక్స్‌బరో మన సామర్లకోటలో పనిచేసినవాడే. ఎన్నో మొక్కల తెలుగు పేర్లను తన గ్రంథాలలో నమోదుచేశాడు. ఎర్రకలువ ఆకు అంచుకూ పళ్ళు ఉంటాయి. దీనిని తెల్లకలువలో ఒక రకంగానే లెక్కించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు.

వేళనుబట్టి చూస్తే తేడా ఇంకా స్పష్టం. తెల్లకలువ, ఎర్రకలువ సాయంసంధ్య దాటిన తరువాత విచ్చుకొని, మరునాడు పొద్దెక్కిన తరువాత ముడుచుకొంటాయి. చంద్రుణ్ణి కలువలరేడు అన్న కవులు చూసినవి ఇవే. అయితే చంద్రుడు రాని అమావాస్యనాడు కూడ ఇవి పూస్తాయని మరచిపోరాదు. నల్లకలువ మాత్రం ఉదయం విచ్చుకొని సాయంత్రానికి ముడుచుకొంటుంది. కలువలన్నీ రాత్రి పూసేవేనని కొందరు వ్యాఖ్యాతలు రాయటం చెరువు చూడకపోవటంవల్లనే అని నా అభిప్రాయం.

అమరసింహుడు ఈ పేర్లను శ్రద్ధగానే విడదీశాడు. అమరకోశంలో కుముదం, కైరవం తెల్లకలువకు, ఇందీవరం నల్లకలువకు పర్యాయపదాలు. పుండరీకం తెల్లతామర. పంకజం, అంబుజం అనే మాటలు వ్యుత్పత్తినిబట్టి నీటిలో, బురదలో పుట్టిన దేనికైనా చెల్లాలి. కాని యోగరూఢిచేత తామరకే నిలిచాయి. ఒకచోట మాత్రం జాగ్రత్త అవసరం. రక్తోత్పలం అనే మాటలో ఉత్పలం ఉన్నా అది అమరకోశంలో ఎర్రతామరకు పేరు. నీలోత్పలం విషయంలో అట్టి సందేహం లేదు. లోకంలో తామర జాతులు రెండే. మన తామర ఎరుపు కలిసిన గులాబిరంగులో, లేదా తెల్లగా పూస్తుంది. ఉత్తర అమెరికా తామర పసుపుపచ్చ. నీలంగా పూసే తామర ప్రకృతిలో లేదు. కనుక నీలోత్పలాన్ని ‘నీలి తామర’ అని అనువదించటం పొరపాటు. మీరు గణవిభజన చేసే ఉత్పలమాల కూడ కలువలదండయే.

ఈ పొరపాట్లు పుస్తకాలకే పరిమితం కాలేదు. శ్రీలంక తన జాతీయ పుష్పంగా 1986లో ‘నీల్ మానెల్’ను, అనగా మన నల్లకలువను ఎంచుకొంది. ఆ పేరుతో చిత్రాలలో ఎక్కువగా కనిపించినది మాత్రం ఊదారంగులో పూసే ఒక విదేశీ సంకరకలువ. మెరుపు ఎక్కువ కావటంవల్ల జనం దానిని పెంచారు. అది అక్కడి నీటివనరులలోకి కూడ పాకింది. మన నర్సరీలలోనూ తొట్లలో పెంచటానికి సంకరకలువలు అమ్ముతున్నారు. నీలంగా ఉన్నదల్లా నల్లకలువ అనుకొనరాదు.

అభ్యాసం

1. మీ ప్రాంతంలోని చెరువులోనో కుంటలోనో పూసే పువ్వు తామరయో కలువయో ఆకునుబట్టి నిర్ణయించి, కారణాలు రాయండి. కలువ అయితే అది ఏ వేళ విచ్చుకొంటుందో రెండు రోజులు గమనించండి.

2. ‘పంకజం’ యోగరూఢి ఎట్లా అయిందో వివరించండి.

3. మీ పాఠ్యపుస్తకంలోని పద్యాలలో కలువ, తామరల పర్యాయపదాలు ఎక్కడెక్కడ వచ్చాయో వెదకి, కవి ఏ పువ్వును ఉద్దేశించాడో తెలపండి.